పది పొద్దుల శిక్ష

సంతకం పెట్టడానికి రవిశంకర్ వంగాడు. మరుక్షణం చేతిలో పెన్ను లేదు.

"ఒక్క నిమిషం ఆగండి మాస్టారూ," అంది దాన్ని లాక్కున్న అమ్మాయి. నల్లకోటు, వేళకాని వానకి తడిసిన జడ, జంకులేని కళ్ళు.

కాగితం అతని బండి హెడ్‌లైట్ గురించి. పదో తరగతి దేవి నిన్న బడంతా చూస్తుండగా దాన్ని రాయి పెట్టి పగలగొట్టింది. కరస్పాండెంట్ తారకేశ్వరరావు కంప్లైంట్ టైపు చేయించి సిద్ధంగా ఉంచాడు. లెక్కల మాస్టారు సంతకం పెడితే అది స్టేషన్‌కి, పిల్ల జువెనైల్ బోర్డుకి. పరీక్షలకి పదిహేను రోజులే ఉన్నాయి. ఒకర్ని పంపితే మిగతా మూడొందలమందీ దారికొస్తారని కరస్పాండెంట్ నమ్మకం.

ఆ అమ్మాయి భార్గవి. పలాస కోర్టులో లాయరు, ఉద్దానంలో దేవిదీ ఆమెదీ ఒకే ఊరు. సంతకం రేపైనా పెట్టొచ్చని, ఈ సాయంత్రం తమ ఊరి తోటలో కూర్చుని మాట్లాడుకుందామని చెప్పింది. తప్పు మాఫీ చేయిస్తావా అని తారకేశ్వరరావు మండిపడ్డాడు. మాఫీ ఎవరికీ లేదని చెప్పి, పెన్నుతోనే వెళ్ళిపోయింది.

పెన్ను కోసమే వెళ్తున్నానని రవిశంకర్ తనకు తాను చెప్పుకున్నాడు.

జీడితోటలో పదిమంది గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో ఒక కొబ్బరికాయ. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. మాట కుదిరాక దాన్ని కొట్టి అందరూ పంచుకోవాలి. అంతవరకు ఎవరూ లేవకూడదు.

కాయ ముందు దేవి తీసుకుంది.

"పగలగొట్టింది నానే. తప్పే సార్. నాలుగు రోజులు నన్ను గేటు బయట నిలబెట్టీసినారు. ఎందుకు లేటయిందో ఒక్కపాలి అడిగినారా?"

తాత పైడయ్యకి మోకాళ్ళు వంగవు. తెల్లారి రాలిన జీడిపిక్కలు ఏరాల్సింది ఆ పిల్లే. రవిశంకర్ ఏడింటికి పెట్టే స్పెషల్ క్లాసుకి ఎలా వస్తుంది?

కాయ రవిశంకర్ చేతికొచ్చింది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

"అడగలేదు," అన్నాడు.

చీకటి పడకముందే తీర్పు కుదిరింది. దేవి ఆదివారం మెకానిక్ షెడ్డులో పనిచేసి, కొత్త హెడ్‌లైట్ తన చేత్తోనే బిగించాలి. పైడయ్య కాయ అందుకుని మాస్టారి వైపు తిరిగాడు.

"నీకూ ఉంది బాబూ. పది పొద్దులు మా పిల్లతో పిక్కలేరాల. ఏరతా లెక్కలు సెప్పాల."

రవిశంకర్ తనతో తెచ్చిన కంప్లైంట్ కాగితం చింపేశాడు. కాయ కొట్టారు.

శిక్ష సరిగ్గా అమలవుతోందో లేదో చూడ్డానికి భార్గవి రోజూ వచ్చేది. మొదటిరోజే జీడిపండు రసం అతని తెల్లచొక్కా మీద చింది పడింది. టెక్కలిలో మంచి డ్రైక్లీనింగ్ ఉందన్నాడతను.

"ఆ మరక జన్మలో పోదండి. ఆ సొక్కా ఇంక మా ఊరిదే," అంది భార్గవి.

మర్నాడూ అదే చొక్కాతో వచ్చాడు. ఆ మర్నాడూ అదే. రోజూ పెన్ను అడిగేవాడు. శిక్ష అయ్యాక చూద్దాంలెమ్మనేది.

పదోరోజు దేవి ఆరున్నరకే బస్తా కట్టేసి, ఇద్దర్నీ ఒకసారి చూసి నవ్వుకుంటూ బడికి పరిగెత్తింది. తోట బయట బండికి కొత్త హెడ్‌లైట్ తళతళలాడుతోంది. సన్నగా చినుకు మొదలైంది.

రవిశంకర్ పక్కనున్న కుప్పలోంచి ఒక కొబ్బరికాయ తీశాడు.

"శిక్ష అయిపోయింది. నాకు వెళ్ళాలని లేదు. మీరంటే ఇష్టం భార్గవిగారూ."

కాయ ఆమె చేతుల్లో పెట్టాడు.

ఆమె తాపీగా దాన్ని అటూ ఇటూ తిప్పింది. అతను ఏదో అనబోయాడు.

"తప్పు. కాయ నా సేతిలో ఉంది," అంది. తనకి ముగ్గురు మావలున్నారని, ఒక్కొక్కరూ ఒక్కో పోలీస్ స్టేషన్‌తో సమానమని వివరంగా చెప్పింది. అతను నోరు మూసుకుని విన్నాడు.

చివరికి ఆమె లేచి, గట్టు మీదున్న రాయి దగ్గరకు నడిచి, కాయని ఒక్క దెబ్బకి కొట్టింది. పెద్ద చెక్క అతనికిచ్చింది.

"మరి నా పెన్ను?"

"అది ఇవ్వను. రిజిస్టరాఫీసులో మన సంతకాలకి కావాల."