ఫారంలో లేని పేరు

"హలో బాస్! మేమంతా వరసలో నిలబడింది అందానికనుకున్నావా?"

బిల్డింగు కింద ఆఫీసులో ఫారాల కోసం కట్టిన వరసలోంచి వెనక్కి తిరిగి చూశాను. గొడవకొచ్చిన అమ్మాయి ఇంత బావుంటుందని ఎవరనుకుంటారు? సగం అక్కడే ఓడిపోయాను.

"ఇది మా పిన్ని చోటు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, లిఫ్టేమో పనిచేయట్లేదు."

"ఎప్పుడు పనిచేసింది గనక? మా అమ్మమ్మని పద్నాలుగో అంతస్తు నుంచి దింపుకొచ్చాన్నేను!"

ఆమె పేరు జొనెల్. నేనూ పిన్నీ ఉండేది తొమ్మిదో అంతస్తులో. ఆరేళ్లుగా ఒకే బిల్డింగులో ఉండి, దాన్ని కూలగొడతారని తెలిశాక పరిచయమయ్యాం.

షికాగో సౌత్ సైడ్‌లో పేదలకి తక్కువ అద్దెకిచ్చే మా గవర్నమెంటు బిల్డింగు తీసేసి, ఆ స్థలంలో డబ్బున్నవాళ్లకీ మాకూ కలిపి కొత్త ఇళ్లు కడతారట. ఫారంలో రెండు గడులు. కట్టాక తిరిగొస్తారా, లేక అద్దెలో కొంత గవర్నమెంటే కట్టే వోచర్ తీసుకుని ఇంకెక్కడైనా ఇల్లు వెతుక్కుంటారా? నెలాఖరు శుక్రవారం ఆఖరు గడువు.

ఆ నెలంతా మెట్ల మీదే ప్రేమించుకున్నాం. ఆమె సరుకుల సంచులు నేను మోసేవాణ్ణి, నా ఆయాసాన్ని ఆమె వెక్కిరించేది. ఒక వానరోజు ఒకే గొడుగు కింద బస్సు కోసం నిలబడ్డాం. బస్సు వచ్చింది, వెళ్లింది. ఇద్దరం చూడనట్టే ఉన్నాం.

"మేం తిరిగొచ్చే గడిలో టిక్కు పెట్టాం. నువ్వో?" అంది.

"చూద్దాంలే."

మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ అదే చెప్పాను. నాలుగోసారి గొడుగు మూసేసింది. ఇద్దరం తడిసి ముద్దయ్యాం.

"నన్ను వదిలించుకుందామనుకుంటున్నావు. చెప్పడానికి నోరు రావట్లేదు, అంతేగా?"

"నాకసలు గడే లేదు జొనెల్! అమ్మ పోయినప్పటి నుంచీ పిన్ని దగ్గరే ఉంటున్నా, లీజులో మాత్రం నా పేరు లేదు. ఇప్పుడు పిన్ని తన కూతురి దగ్గరికి మిల్వాకీ పోతోంది. బిల్డింగు పడిపోతే నేనెక్కడుంటానో నాకే తెలీదు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం నా చెయ్యి పట్టుకుని పద్నాలుగంతస్తులూ ఎక్కించి, అమ్మమ్మ హాటీ ముందు నిలబెట్టి అంతా చెప్పేసింది. ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, ముందు వేయించిన చేప పెట్టింది.

మంగళవారం ఆఫీసుకి ముగ్గురం వెళ్లాం.

"ఈ అబ్బాయి పేరు మా ఫారంలో ఎక్కించు తల్లీ," అంది అమ్మమ్మ.

గుమాస్తా కలం తీసింది. "మీకేమవుతాడు?"

"మనవరాలి మొగుడు."

నాకు పొలమారింది. "అమ్మమ్మా!" అని అరిచింది జొనెల్.

"పెళ్లెప్పుడైందండీ?"

"గడువు శుక్రవారం దాకా ఉందిగా? పెళ్లిళ్లు చేసే సిటీ హాల్ తెరిచే ఉంటుందిలే."

జొనెల్ నడుం మీద చెయ్యేసుకుంది. "అసలు నన్నెవరైనా అడిగారా?"

నేను ఆమె వైపు తిరిగాను. "ఇంటి కోసం అనుకుంటావని భయపడి అడగలేదు. నువ్వు వోచర్ పట్టుకుని ఏ ఊరెళ్లినా నీ వెనకాలే వచ్చేవాణ్ణి. నన్ను చేసుకుంటావా?"

జొనెల్ గుమాస్తా చేతిలోంచి కలం లాక్కుంది.

"కర్టిస్, నీ ఇంటిపేరు ఒక్కో అక్షరం సరిగ్గా చెప్పు. గురువారం నుంచి నేనూ అదే రాసుకోవాలి."