ఆదెన్నగారి ఐసు ఫ్రిజ్

"ఈడ మనుషులకే నీళ్లు లేవు. ఫ్రిజ్‌కు యాడ్నుంచి తెస్తావప్పా?" అంది కదిరమ్మ.

అనంతపురం ఫ్రిజ్‌ల షాపు నుంచి వచ్చిన మెకానిక్ దివాకర్ తలెత్తి చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది. చేతిలో స్పానర్ జారి కాలి మీద పడింది. కదిరమ్మ ఓణీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఆదెన్నకు ఆమె ఒక్కతే కూతురు, డిగ్రీ చదువుతోంది. ఆదెన్న బొంబాయి పోయినప్పుడు ఎవరింట్లోనో చూసి, మోజుపడి ఫారిన్ ఫ్రిజ్ కొన్నాడు. కొళాయి కనెక్షన్ ఇస్తే చాలట, ఐసు ముక్కలు దానంతటదే చేసి పడేస్తుందట. మన ఊళ్లో కొళాయి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలన్న సంగతి ఆ మోజులో ఆయనకు గుర్తు రాలేదు.

మంచినీళ్లకు మిద్దె మీద వేరే ట్యాంకు కట్టించాలని, వచ్చినప్పుడు నింపుకుని అక్కడి నుంచి సన్న రాగి గొట్టం దించాలని దివాకర్ చెప్పాడు. కొలతలకని ఒకసారి, ట్యాంకు చూడాలని ఇంకోసారి, ఊరికే ఇంకోసారి వచ్చాడు. అన్నిసార్లు రానక్కర్లేదని షాపు ఓనరుకు తెలియదు, కదిరమ్మకు తెలుసు. వచ్చిన ప్రతిసారీ ఆటపట్టించేది, టీ మాత్రం తనే తెచ్చి ఇచ్చేది. ఆ టీ కోసం దివాకర్ ఎర్రటి ఎండలో బస్సు టాపు మీదైనా వచ్చేవాడు.

కనెక్షన్ ఇవ్వాల్సిన రోజు పొద్దున్నే వచ్చేసరికి ఇల్లంతా హడావుడిగా ఉంది. సాయంత్రం కదిరమ్మకు పెళ్లిచూపులు. వచ్చేది ఉరవకొండ వాళ్లు. మధ్యాహ్నానికి ఐసు పడాలని, గ్లాసుల్లో గలగలమనాలని, చూసి వాళ్లు నోరెళ్లబెట్టాలని ఆదెన్న తెగ సంబరపడిపోతున్నాడు. దివాకర్ పనిముట్ల సంచి దించాడు. ఆ పిల్లను పంపించడానికి తన చేత్తోనే ఐసు చేసి పెట్టాలా? ఏం చేస్తాడు, ఒప్పుకున్న పని కదా.

వంటింటి గోడకు మేస్త్రీ దించిపోయిన రెండు గొట్టాలున్నాయి, రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకటి మంచినీళ్లది, రెండోది గిన్నెలు తోమే బోరు నీళ్లది, ఒట్టి ఉప్పు. మంచినీళ్లది ఏదని అడిగితే, కదిరమ్మ కిటికీ పక్కది చూపించింది.

మా జిల్లాలో పుట్టినవాడెవడైనా కొత్త కొళాయి తిప్పితే ముందు దోసిట్లో పట్టి రుచి చూస్తాడు. ఈ మహానుభావుడు ఆ పిల్ల కళ్లు చూసి గొట్టం బిగించేశాడు. ప్రేమ ముదిరితే ఇంతే మరి.

ఐసు పడింది. మిషను మధ్యలో మొరాయిస్తే కష్టమని ఆదెన్న దివాకర్‌ను సాయంత్రం దాకా ఉండమన్నాడు. పెళ్లివారు వచ్చారు. పెళ్లికొడుకు తల్లి ముచ్చటపడి ఒక ఐసు ముక్కను బుగ్గన పెట్టుకుంది. మరుక్షణం తూ అని ఊసేసింది. శుభమా అని వస్తే నోట్లో ఉప్పు పోశారని, శకునం బాగాలేదని లేచింది. ఆమె వెంటే కొడుకు, కొడుకు వెంటే మిగతావాళ్లు వెళ్లిపోయారు.

ఆదెన్న మొహం కందగడ్డలా అయింది.

"ఏమప్పా, ఇంటికొచ్చిన సంబంధం చెడగొట్టినావే. మీ ఓనరుకు ఫోన్ చేస్తాండా. రేపట్నుంచి నీకు ఆడ పని లేదు."

గొట్టం ఎవరు చూపించారో ఒక్క మాట చెబితే దివాకర్ ఉద్యోగం నిలుస్తుంది. చెబితే కదిరమ్మకు ఎన్ని దెబ్బలు పడతాయో. తల వంచుకుని నిలబడ్డాడు.

ఆదెన్న రిసీవర్ ఎత్తాడు. కదిరమ్మ గబగబా వచ్చి దాన్ని లాక్కుని పెట్టేసింది.

"ఆయప్పనేం అనొద్దు నాయనా. ఉప్పునీళ్ల గొట్టం నేనే చూపిచ్చినా. ఈ సంబంధం వద్దని ఎంత మొత్తుకున్నా నువ్వు ఇన్లేదు."

అదే ఊపులో దివాకర్ మీదికి తిరిగింది. "నీకేం నోరు లేదా? ఊరికే తిట్టిచ్చుకుంటాండావే."

"ఉండాది," అన్నాడు దివాకర్. "నీ మీద చాడీలు చెప్పేదానికి కాదు. నన్ను చేసుకుంటావా అని అడిగేదానికి."

కదిరమ్మ తల్లి భద్రమ్మ చేతిలో పళ్లెం కింద పెట్టి దగ్గరికొచ్చింది. ఆదెన్న దివాకర్‌ను ఎగాదిగా చూశాడు. ఎవరి కొడుకువని అడిగాడు. కొత్తచెరువులో మగ్గం నేసే ముత్యాలప్ప కొడుకునని తెలిసి నెమ్మదించాడు. ఆ ముత్యాలప్ప నేసిన చీరలు అమ్మి ఆదెన్న ఈ ఇల్లు కట్టాడు. మనవాళ్లే, మంచివాళ్లే అని భద్రమ్మ మెల్లగా అందించింది.

"మీ నాయన నిదానస్తుడే. నీకెవరి పోలికప్పా ఇది?" అన్నాడు ఆదెన్న. కోపం దిగినట్టే ఉంది. "సరే. అడిగినావు కదా, అదేమంటాదో ఇను."

అందరూ కదిరమ్మ వైపు చూశారు. ఇన్నాళ్లూ గలగలా వాగిన పిల్ల ఎర్రబడిపోయి, తలుపు చాటుకు వెళ్లి, అక్కడి నుంచి అంది:

"మీ నాయనను రేపే పిలుచుకొని రా. ఎల్లుండంటే మా నాయన ఇంగో సంబంధం తెస్తాడు."