అలవాటు కాని నవ్వు

పొద్దున్నే కాకినాడ వీధులన్నీ 'ఆహా' అంటున్నాయి. నిత్యనవ్యం వచ్చాక కాఫీ ఎవరికీ పాతబడటం లేదు. చెవి వెనక ఆ బొట్టుబిళ్లంత పరికరం ఉన్నంతవరకు ప్రతి గుక్కా మొదటి గుక్కే. కోదండపాణి గ్లాసెత్తి కళ్లు మూసుకున్నాడు.

"అమృతం, రత్నం!"

"నిన్నా అమృతమే, మొన్నా అమృతమే. ఈ లెక్కన మీకు చావు లేదండీ" అని నాగరత్నం నవ్వబోయి, చప్పున కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆవిడ నవ్వు సామాన్యమైనది కాదు. పెళ్లిపీటల మీద అది మొదటిసారి విన్నప్పుడు కోదండం భుజాలు ఎగిరిపడ్డాయి. తర్వాత ఏళ్ల తరబడి ఆ నవ్వు పక్కనే కూర్చుని హాయిగా అన్నం తిన్నాడు. బిళ్ల అంటించుకున్న నాటి నుంచి మళ్లీ అదే ఉలికిపాటు. మొగుడు తన నవ్వుకి జడుసుకుంటున్నాడని రత్నం మనసు కష్టపెట్టుకుని నవ్వడమే మానేసింది. ఇల్లు బోసిపోయింది. కోదండానికి అది భరించరానిదయింది.

ఆయన వెళ్లి చెప్పుకుంటే నాడీ వైద్యురాలు సువర్చల అంతా విన్నది.

"నాడీకణాలు ఒకదాన్నొకటి తాకవండి బాబాయ్‌గారూ. మధ్యలో సన్నటి సందు ఉంటుంది, నాడీసంధి అంటాం. ఇటు కణం రసాయనపు పొట్లాలు విడిస్తే అటు కణం అందుకుంటుంది. అలా చెవి నుంచి భుజం కండ దాకా కబురెళ్తుందన్నమాట. ఒకే చప్పుడు పదేపదే వస్తే పొట్లాలు తగ్గిపోతాయి. అలవాటు పడటమంటే అదేనండి. మీ బిళ్ల వాటిని తగ్గనివ్వదు."

"నవ్వు ఒక్కదానికి తగ్గించలేవా అమ్మా?"

"కాఫీకో బిళ్ల, నవ్వుకో బిళ్ల ఉండవండి. తీసేస్తే కాఫీ మామూలైపోద్ది."

"అయితే అవనీ. తీసెయ్."

"తీసినా ఇవాళే కుదుటపడదండి. ఆ నవ్వు మళ్లీ మళ్లీ వినాలి" అంటూ సువర్చల బిళ్ల ఊడదీసింది.

వినాలంటే ముందు రత్నం నవ్వాలి కదా! ఇంటికొచ్చి చెబితే ఆవిడ మొహం ముడుచుకుంది.

"మీరు ఉలిక్కిపడుతుంటే నాకు నవ్వెలా వస్తుందండీ?"

"భుజం ఎగిరితే ఎగరనీవే. నీ నవ్వు లేకపోతే నాకు ఊపిరాడ్డం లేదు."

ఇక ఆయన పడని పాట్లు లేవు. ముక్కు మీద అప్పడం నిలబెట్టాడు. తలంబ్రాల వేళ తన పంచె జారిన వైనం నటించి చూపించాడు. చివరికి కొంగు చాటునుంచి ఒక్క కూత తప్పించుకుంది. కోదండం భుజాలు చెవుల దాకా ఎగిరాయి. అది చూసి రత్నం ఇక ఆగలేకపోయింది. ఆవిడ నవ్విన కొద్దీ ఆయన ఎగిరాడు, ఆయన ఎగిరిన కొద్దీ ఆవిడ నవ్వింది. ఇద్దరూ కళ్లు తుడుచుకుంటూ నేల మీద కూలబడ్డారు.

కొన్ని వారాలకు కాఫీ మామూలు కాఫీ అయిపోయింది. ఒక సాయంత్రం రత్నం ఏదో తలుచుకుని ఇల్లదిరేలా నవ్వింది. కోదండం భుజం కదల్లేదు. వైద్యం ఫలించిందని ఆయనకు తెలిసింది. రత్నం మాత్రం నవ్వుతూనే ఆశగా ఆయన వైపు తిరిగింది.

కోదండం రెండు భుజాలూ చెవుల దాకా ఎగరేశాడు.