జువాలజీ ల్యాబులో వలముడి

2003 నవంబరు. మూడు రోజులుగా విశాఖలో ముసురు. సీతమ్మధారలోని డిటెక్టివ్ గురునాథరావు ఆఫీసులోకి ఒక అమ్మాయి తడిసిన గొడుగుతోనే వచ్చేసింది. పేరు సాయిదుర్గ. సముద్రం మీద వేటకెళ్ళే సూరన్న కూతురు, బీయస్సీ ఆఖరి సంవత్సరం.

"అసైన్‌మెంటుకి కట్టిన నా సేపల సీసాలు ల్యాబు బీరువాలోంచి పోనాయి సార్. అవి లేకపోతే పరీచ్చకి కూకోనివ్వరు. ఈ యేడు తప్పితే మా అయ్య ఇంక సదివించనన్నాడు."

"ఎవరి మీదైనా అనుమానమా?"

"మా క్లాసు గోపి మీద. బీరువా తాళం ఆడికాడే ఉంటది. ఆడేమో తన సీసాలు తానే కట్టానంటన్నాడు."

గురునాథరావు లేచాడు. ఆయన లేస్తే సగం కేసు తేలిపోయినట్టేనని అసిస్టెంటు ఎల్లారావు నమ్మకం.

మధురవాడ దాటాక ఉన్న ఆ కాలేజీలో లెక్చరర్ శ్రీరామ్మూర్తి బీరువా తెరిచి చూపించారు. సీసాల్లో చేపల్ని గాజుపలకలకి దారంతో కట్టి, కుళ్ళకుండా ఫార్మలిన్ మందులో ముంచారు. గోపి పేరున్న సీసాల్లో సన్నటి ఆకుపచ్చ నైలాను దారం. పుష్ప అనే అమ్మాయి సీసాల్లో తెల్లదారం. ముడి మాత్రం అన్నిటికీ ఒకటే. చిరిగిన వలకి బెస్తవాళ్ళు వేసే ముడి అది. గురునాథరావు బీరువా మూయించి అందరినీ పిలిపించాడు.

ముందు గోపి చేతికి దారమిచ్చి ఒక చేపను కట్టమన్నాడు. గోపి బూటు లేసులా కట్టాడు.

"నీ సీసాల్లో వలముడి ఉందే?"

గోపి తడబడ్డాడు గానీ తెలివైనవాడే. "దుర్గే కట్టిపెట్టింది సార్. పుష్పకి కట్టలేదేటి?"

పుష్ప తలదించుకుంది. "కట్టింది సార్. జబ్బు చేసినకాడ్నుంచి నాకు చేతులు వణుకుతాయి. నా దారమిస్తే అదే కట్టింది."

"మరి నువ్వే దారమిచ్చావు, గోపీ?"

"అదే సార్. ల్యాబు రీలులో తెల్లదారం."

గురునాథరావు బీరువా తెరిచాడు. "నీ సీసాల్లో ఉన్నది ఆకుపచ్చ దారం. దుర్గ అడిగినవాళ్ళకి వాళ్ళిచ్చిన దారంతో కట్టింది. తనవాటికి మాత్రం నాన్న వలదారం వాడుకుంది. నువ్వు లేబుళ్ళు మార్చావు, లోపలికి చూడలేదు."

గోపి ఏడుపు మొదలుపెట్టాడు. ఎల్లారావు చప్పట్లు కొట్టబోయి లెక్చరర్ ముఖం చూసి ఆగిపోయాడు.

"గోపికి పరీక్ష లేదు," అన్నారు శ్రీరామ్మూర్తి. "పుష్పకీ, దుర్గకీ కూడా. చేయించుకున్నా, చేసిపెట్టినా సబ్మిషన్ చెల్లదు. ఇది కాలేజీ రూలు."

"ఆ ముక్క ముందే చెప్పాల్సింది కదండీ," అన్నాడు గురునాథరావు.

"మీరు దొంగ ఎవరని అడిగారు. రూలు అడగలేదు."

గురునాథరావు అరగంట బతిమాలాడు. శ్రీరామ్మూర్తి కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారే తప్ప మెత్తబడలేదు. పుష్ప చేత నిజం చెప్పించింది తానేనన్నా వినలేదు.

బయట వాన పెరిగింది. దుర్గ తన సీసాల్ని ఒడిలో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది.

"మా అయ్యకి ఏటి సెప్పాల సార్? దొంగ దొరికాడని సెప్పాలా, సదువు పోనాదని సెప్పాలా?"

ఎల్లారావు ఆశగా గురునాథరావు వైపు చూశాడు. ఆయన దుర్గ గొడుగు తెరిచి ఆ సీసాల మీద పట్టాడు.