ఆదివారం బొమ్మల సీరియల్

"గింత పెద్దోడివి, బొమ్మల సీరియల్ చూస్తవా బావా?" అలివేలు గడపకు అడ్డంగా నిలబడింది.

"జర జరుగు. షురూ అయితున్నది," అన్నాడు గోపాల్.

తొంభై మూడులో గద్వాలలోని ఆ నేతగాళ్ల వాడకట్టులో టీవీ ఉన్నది అలివేలు ఇంట్లోనే. నాయనమ్మ అనంతమ్మ మొదలు చిన్నాయనల పిల్లల దాకా ఆ ఇంట్లో పద్నాలుగుమంది. సీరియల్లోని బొమ్మల ఇంట్లోనూ తొమ్మిదిమంది పిల్లలు, ఒకటే స్నానాల గది! గోపాల్ పిల్లల మధ్య చాప మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వేవాడు.

దూరపు వరసకు బావ. తనకోసమే వస్తున్నాడని అలివేలు నమ్మకం. నాలుగో ఆదివారం ఉండబట్టలేక అడిగేసింది.

"సీరియల్ కోసమే," అన్నాడతను. "మా ఇంట్ల అమ్మ, నేను, మగ్గం. అంతే. ఈడ గింతమంది కొట్లాడుకుంట తింటుంటే పాణం నిమ్మళమైతది."

అలివేలుకు ఉక్రోషం వచ్చింది. "నాకైతే గీ లొల్లి ఒద్దు. పుట్టినకాడికెళ్లి జరసేపు ఒక్కదాన్నే కూసున్నది లేదు!"

తర్వాతి ఆదివారం గోపాల్ రాలేదు. ఆపై వారమూ రాలేదు. పిల్లలు నవ్వుతుంటే అలివేలు వాకిలి వైపు చూస్తూ కూర్చుంది. చివరికి తానే అతనింటికి పోయింది.

"ఎందుకు వస్తలేవు?"

మగ్గం ఆగింది. "లొల్లి ఒద్దంటివి గద. గా లొల్లిల నేనొకణ్ని."

"సీరియల్ పోతున్నది మరి."

"మొదటి వారం సీరియలే చూసిన. తర్వాత ఏమొచ్చిందో నాకే తెల్వదు. నువ్వు ఏడ కూసున్నవో గదే యాదికున్నది."

సంగతి అనంతమ్మ చెవిన పడింది. గోపాల్‌ను పిలిపించింది. "మా ఇంటికే ఇల్లరికం రా బిడ్డా. నీకు మంది కావాలె గద."

గోపాల్ ఇల్లంతా ఒకసారి చూశాడు. అతని కళ్లలోని ఆశ తలుపు చాటున ఉన్న అలివేలుకు కనబడింది.

"రాలేను అవ్వా. అమ్మ ఒక్కతే అయితది," అన్నాడు మెల్లగా.

అలివేలు ఇవతలికి వచ్చింది. "నేనే పోత నాయనమ్మా."

"ఆడ నీతోని మాట్లాడనీకె ఎవరుంటరే?"

"ఇద్దరుంటరు. సాలు."

అనంతమ్మ మనవరాలి తల నిమిరింది. కబురు గోపాల్ తల్లి సత్యమ్మకు చేరింది. ఆమె ఇంట్లో ఉన్నవి రెండే పళ్లేలు. ఆ సాయంత్రమే బజారుకు పోయి కొత్తవి తెచ్చింది.

ఒకటి కాదు, ఆరు.