గోడ మీద పొడుగు చేతులు

రెండో తరగతి టీచరైన మా అమ్మాయికీ, కొత్తగా వచ్చిన బొమ్మల మాస్టారికీ మొదటిరోజే పడలేదు. మబ్బు పట్టిందని గొడుగిచ్చి వద్దామని బడికి వెళ్ళిన నేను, ఆ పోట్లాటంతా తరగతి గుమ్మంలో నిలబడి విన్నాను.

“రెండో తరగతి పిల్లల చేత గోడకి రంగులు పూయిస్తారా? మరి లెక్కలెవరు చెప్తారండీ, మీరా?”

“చెప్తాను టీచర్‌గారూ. అరలూ పావులూ ఈ రంగు డబ్బాల్లోనే ఉన్నాయి.”

“బావుంది! సిలబస్ కూడా అందులోనే కలిపేయండి.”

పిల్లలు కిసుక్కున నవ్వారు. నా కళ్ళు మాత్రం గోడకి చేరేసిన నిచ్చెన మీదే ఉన్నాయి.

“బాబూ, దాని మీంచి ఎవరైనా పడితే?” అన్నాను ఉండబట్టలేక.

“ఎక్కేది నేనొక్కణ్ణే ఆంటీ. విరిగితే నా నడుమే విరుగుతుంది.”

“అయ్యో, అంత మాటనకు నాయనా!”

మా అమ్మాయి నా చేతిలో గొడుగు లాక్కుని, “అమ్మా, నువ్వు ఇంటికెళ్ళు,” అంది.

ఆ ఏడు ఒక్కో తరగతిలో కొన్నాళ్ళపాటు ఒక కళాకారుణ్ణి పిల్లల మధ్య కూర్చోబెట్టాలని బడివాళ్ళు అనుకున్నారు. పై తరగతులకి పాటలు పాడే ఆవిడ వచ్చింది. మా అమ్మాయి తరగతికి ఇతనొచ్చాడు. వానాకాలం అయ్యేదాకా ఉండి, వేరే ఊరి బడికి వెళ్ళిపోతాడట. అతనికి ఒకటే పట్టుదల. పిల్లలు గీసిన గీత మీద పెద్దవాళ్ళ చెయ్యి పడకూడదు. వంకరైతే వంకరే.

మొదట్లో మా అమ్మాయి సాయంత్రం ఇంటికొచ్చి అతని మీద చాడీలు చెప్పేది. పోనుపోను అతని మాటలే చెప్పసాగింది. పావు డబ్బా నీలంలో అర డబ్బా పసుపు కలిపితే ఎలాంటి ఆకుపచ్చ వస్తుందో పిల్లలే లెక్క వేస్తున్నారట. ఎక్కాలంటే పారిపోయేవాళ్ళు గోడని గళ్ళుగా కొలిచి గుణించుకుంటున్నారట. చెబుతుంటే దాని కళ్ళు మెరిసేవి.

ఆ మెరుపు నేను ఇంతకుముందు ఒకసారి చూశాను. అప్పట్లో దానికి పెళ్ళి కుదిరి, అందరికీ చెప్పుకున్నాక, పెళ్ళికొడుకు మనసు మార్చుకున్నాడు. అప్పుడు మా పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. మాటలు తగ్గించేసింది, అంతే. మళ్ళీ వెళ్ళిపోయేవాడి మీదే మనసు పడితే నా పిల్ల ఏమైపోవాలి?

“ఎన్నాళ్ళో ఉండేది కాదు కదే,” అన్నాను ఒకరోజు.

“ఏది?”

“అదే, ఆ నిచ్చెన.”

“నిచ్చెన బడిదే అమ్మా. ఎక్కడికీ పోదు,” అని నవ్వుతూ లోపలికి పోయింది. ఆ నవ్వు చూసి నాకు అన్నం సయించలేదు.

తల్లిదండ్రుల మీటింగుకి ముందురోజు, పిల్లలంతా వెళ్ళిపోయాక, మా అమ్మాయి ఒక పని చేసింది. రెండు జడల పిల్ల ఒకతి గోడ మీద వాళ్ళమ్మని వేసింది. ఆ చేతులు ఎంత పొడుగంటే, కిటికీ దగ్గర మొదలై తలుపు దాకా సాగాయి. వచ్చినవాళ్ళు చూసి నవ్వితే పిల్ల చిన్నబోతుందని మా అమ్మాయి గోడరంగుతో మోచేతుల కిందంతా చెరిపేసి, అక్కడే రెండు చక్కటి అరచేతులు దిద్దింది. పిల్ల మేలు కోరే చేసింది.

మర్నాడు పొద్దుటి నుంచీ ఎడతెగని వాన. గోడలు చెమ్మపట్టి కరెంటు కొడుతుందేమోనని నేను ముందుగానే బడికి చేరాను. రెండు జడల పిల్ల గోడ ముందు నిలబడి ఉంది.

“టీచర్ బాగా వేశారు,” అంది. చేతిలో కుంచె డబ్బాలో పెట్టేసి, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

బొమ్మల మాస్టారు మా అమ్మాయి వైపు తిరిగాడు. “చేతులు అంత పొడుగెందుకో తనని అడిగారా టీచర్‌గారూ?”

“లేదండీ.”

“వాళ్ళమ్మది ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ. అక్కణ్ణుంచే చెయ్యి చాపి తనకి దుప్పటి కప్పుతుందట.”

మా అమ్మాయి మొహం పాలిపోయింది. “ఎవరూ నవ్వకూడదని…”

“తెలుసండీ. కానీ ఆ పిల్ల ఇంక కుంచె పట్టకపోతే, నేనిక్కడ ఉండి చేసేదేముంది?”

మా అమ్మాయి వెళ్ళి ఆ పిల్ల బెంచీ ముందు నేల మీద కూర్చుంది.

“తప్పు నాదేరా. నిన్ను అడక్కుండా నీ బొమ్మ మీద చెయ్యి పెట్టాను.”

పిల్ల జడ కొస వేలికి చుట్టుకుంది.

“అసలు నాకు బొమ్మలే రావు. చూస్తావా?”

లేచి కుంచె అందుకుంది. తరగతంతా చూస్తుండగా గోడ మీద ఒక సున్నా చుట్టి, కింద రెండు పుల్లలు దించి, పైన ఏదో బోర్లించింది.

“ఎవరు టీచర్ అది?” అన్నారెవరో.

“మా అమ్మ.”

“నెత్తి మీద గంపా?”

“గంప కాదర్రా, నాకు పట్టే గొడుగు!”

తరగతి గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది. రెండు జడల పిల్ల మాత్రం నవ్వలేదు. గోడ దగ్గరికొచ్చి పరీక్షగా చూసింది.

“ఇంత చిన్నదైతే మీరు తడిసిపోరూ?”

“మరెంత ఉండాలి?”

పిల్ల టీచర్ చేతిలో కుంచె తీసుకుంది. గొడుగు పెద్దది చేసింది. ఆ ఊపులోనే వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి, టీచర్ దిద్దిన అరచేతుల మీంచే మళ్ళీ చేతులు లాగడం మొదలుపెట్టింది. ఈసారి తలుపు దగ్గర ఆగలేదు. గీత వరండా గోడ మీదికి పోయింది. మిగతావాళ్ళంతా ఆ పిల్ల వెనకాలే పరిగెత్తారు.

బొమ్మల మాస్టారు పరిగెత్తలేదు. మా అమ్మాయినే చూస్తూ నిలబడిపోయాడు. ఆ చూపులో తప్పుపట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు. అందుకు ఇంకా భయమేసింది.

వానాకాలం అయిపోయాక అతను మా ఇంటికొచ్చాడు. ఇచ్చిన కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

“ఆంటీ, మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టం. రేపు కొత్త బడికి వెళ్ళాలి. వేసవి సెలవులకి తిరిగొస్తాను.”

“వస్తామన్నవాళ్ళని చూశాం బాబూ.”

“తను చెప్పింది. అందుకే తనని ఏ మాటా ఇవ్వమనలేదు. నన్ను మాటివ్వనిస్తే చాలన్నాను.”

నేను లేచి వంటింట్లోకి వచ్చేశాను. మా అమ్మాయి గట్టుకి ఆనుకుని నిలబడి ఉంది.

“ఏమంటావమ్మా?”

“ఏమననే! దారిలో బస్సుకి ఏమవుతుందో. ఆ ఊళ్ళో జ్వరాలున్నాయో ఏమో. అక్కడ ఇంకో టీచరుంటే? అసలు రాకపోతే?”

“రాకపోతే ఏడుస్తాను,” అంది మెల్లగా. “అప్పుడు ఏడుపు రాలేదమ్మా. ఇప్పుడు తలుచుకుంటేనే వస్తోంది.”

నిజంగానే దాని కళ్ళు నిండాయి. మూగబోయిన నా పిల్లకి మళ్ళీ కన్నీళ్ళొచ్చాయి. చెయ్యి తుడుచుకుని ముందుగదిలోకి వెళ్ళాను. అతను లేచి నిలబడ్డాడు.

“బాబూ, సెలవులకి ఒక్కడివే రాకు. మీ అమ్మగారిని కూడా తీసుకురా. పెద్దవాళ్ళం మాట్లాడుకోవాలి కదా.”

నా మాట అర్థమయ్యేసరికి అతను చల్లారిన కాఫీ అందుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. వెనకనుంచి మా అమ్మాయి నా భుజం పట్టుకుంది.

“అమ్మా! నీకు భయంగా లేదూ?”

“ఎందుకు లేదూ, చచ్చేంత భయం. ఆ భయపడే పని నేను చూసుకుంటాను గానీ, నువ్వెళ్ళి అతన్ని వీధి చివరిదాకా సాగనంపిరా.”