తాళం వెనక లైవ్

"టైమ్ లేదు, కత్తెరా!"

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. చీఫ్ అంటే వినియోగదారుల సంఘం ప్రెసిడెంట్, రిటైరైన లెక్కల టీచరమ్మ. సంఘం సీక్రెట్ వింగ్ అంటే ఏజెంట్ కత్తెర ఒక్కడే.

"విదేశీ బ్రాండ్ షర్ట్ లాంచ్. ట్యాగ్ స్కాన్ చేస్తే, కుట్టినవాళ్లు లైవ్‌లో కనిపిస్తారట. అంతా సెట్టింగ్! అసలు కుట్టేది ఈ హాలు వెనక గోడౌన్‌లో. బయట తాళం. మన కెమెరా లోపలికెళ్తే చాలు, సర్వర్‌లో దూరి ఆ బొమ్మ తెర మీదికెక్కించే సంగతి నేను చూసుకుంటా. ఇవాళ జనం నమ్మేశారంటే ఇక మనం గొంతు చించుకున్నా వినరు."

కత్తెరకి కాలు నిలవడం లేదు. ఆ గోడౌన్‌లోనే అతని అక్క ఉంది. నిన్నటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

స్టేజి వెనక ఇస్త్రీవాడి వేషం. చేతిలో స్టీమర్, జేబులో బొత్తాం కెమెరా. పచ్చ కోటులో మెరుస్తూ వచ్చింది బ్రాండ్ మోడల్ మిస్ శాటిన్. చీఫ్‌కి రహస్యాలు చేరవేసేది ఆమే.

"ఈ ముడత పోతుందా?" కోడ్ వర్డ్!

"ఆవిరి తగిలితే పోతుంది."

"కెమెరా ఇవ్వు. గోడౌన్‌లోకి నన్నయితే ఎవరూ ఆపరు."

ఇచ్చాడు. ఆమె తిన్నగా సెక్యూరిటీ ఆఫీసర్ దగ్గరికెళ్లి, అతని చేతిలో ఓ బొత్తాం పెట్టి, కత్తెర వైపు వేలు చూపించింది!

"చీఫ్, కొంప మునిగింది!" గొణిగాడు కత్తెర.

గార్డులంతా వచ్చి మీద పడ్డారు. స్టేజి మీద ఓనర్ చేతులు చాచాడు. "స్కాన్ చేయండి!"

ఫోన్లు లేచాయి. పెద్ద తెర మీద ఓ అమ్మాయి నవ్వుతూ షర్ట్ కుడుతోంది. కత్తెర కళ్లు చిట్లించాడు. మిషన్ సూదిలో దారమే లేదు!

అంతలో తెర మినుకుమంది. చీకటి గోడౌన్. చెమటతో తడిసిన ఆడవాళ్లు షట్టర్ బాదుతున్నారు. ముందు అక్క! "తలుపు తీయండయ్యా, ఊపిరాడట్లేదు!"

పక్కనే మిస్ శాటిన్ గొంతు. "నేనూ లోపలే ఉన్నా. నన్ను పంపి మళ్లీ తాళం వేశారు. చూస్తున్నారా?"

హాలంతా గోల. బ్రాండ్ మేనేజర్ తెర వైరు పీకడానికి పరిగెత్తాడు. గార్డులు తెర వైపే చూస్తూ నోరెళ్లబెట్టారు. కత్తెర విదిలించుకుని దూకాడు. స్టీమర్ బుస్సుమంది. వైరుకి జానెడు దూరంలో మేనేజర్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ముందు తాళం తియ్యండి!" కొనడానికొచ్చిన జనం ఓనర్ని చుట్టుముట్టారు. మారు తాళంచెవి అతని జేబులోంచే బయటికొచ్చింది.

షట్టర్ లేచింది. మిస్ శాటిన్ కోటుకి ఓ బొత్తాం తక్కువ.

"నా బొత్తామే వాళ్లకిచ్చా," అంది. "నిన్ను పట్టిస్తేనే కదా నన్ను నమ్మి లోపలికి పంపేది!"

అక్క నీళ్ల బాటిల్ ఖాళీ చేసి, తమ్ముణ్ని కిందనుంచి పైదాకా చూసింది.

"ఏరా, ఇన్సూరెన్స్ ఉద్యోగమని చెప్పావు కదరా?"

"ఇదీ ఇన్సూరెన్సేలే అక్కా. జీతమే లేదు."